నీళ్ల ట్యాంకు గడ్డ మీద ఆదివారాలు

పోయిన వారం మా బొగ్గు గని కాలనీ చివర, నీళ్ల ట్యాంకు గడ్డ ఎక్కే దారిని ముళ్లకంప వేసి మూసేశారు. నేల కుంగుతోంది, ఎవరూ పోవద్దని బోర్డు పెట్టారు. నేల కుంగిన సంగతి ఏదో ఒక మ్యాపులోకి ఎక్కుతుంది. ఆ గడ్డను నమ్ముకుని మా బావా నేనూ ఒక ఇంజన్‌ను ఎలా చెడగొట్టుకున్నామో, దానివల్ల మా అక్కకు ఏం దక్కకుండా పోయిందో మాత్రం ఎక్కడా ఎక్కదు. అందుకే రాస్తున్నాను.

అక్కకు కిడ్నీలు చెడిపోయాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి రెండుసార్లు కరీంనగర్ పోవాలి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చోలేకపోయేది. వెనక సీట్లో పడుకుని రావాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక. ఊపిరితిత్తులు పాడై గని పనిలోంచి ముందే దిగిపోయిన బావ దగ్గర ఒక పాత వ్యాను ఉండేది. ఇంజన్‌కు పెట్రోలు అందించే దాని కార్బొరేటరు దారి మధ్యలో ఎక్కడపడితే అక్కడ మొరాయించేది. దాన్ని పీకేసి, కొత్త బండ్లలో లాగా పెట్రోలును కంప్యూటరే కొలిచి చిమ్మే ఏర్పాటు మనమే చేద్దామన్నది నేను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. కానీ ఇంజన్ల మీద కాలనీ లైబ్రరీలో ఉన్న ఇంగ్లీషు పుస్తకాలన్నీ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివినవాణ్ణి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. "నీ పుస్తకం రాసినోడు మన బొగ్గు దుమ్ము చూసిండా బామ్మర్దీ?" అనేవాడు బావ. అంటూనే నేను అతికించిన సర్క్యూటు బోర్డును చంటిపిల్లలా పాతగుడ్డలో చుట్టి దాచేవాడు.

స్క్రాపు దుకాణంలో దొరికిన సామానుతో బండి స్టార్టయింది. అసలు పని అప్పుడే మొదలైంది. ఎంత బరువుకు, ఎంత వేగానికి ఎంత పెట్రోలు పోవాలో అంకెలు కుదర్చాలి. పెద్ద షెడ్లలో ఇంజన్ లాగే బలాన్ని కొలిచే యంత్రం ఉంటుంది. మాకు లేదు. ఎప్పుడూ ఒకే ఎత్తును ఎక్కించి, పట్టిన సమయం చూసుకున్నా చాలని చదివాను. అలా నీళ్ల ట్యాంకు గడ్డ మా యంత్రమైంది. ప్రతి ఆదివారం కింద సున్నం పూసిన రాయి దగ్గర మొదలుపెట్టి, రెండో గేరులో, పైన ట్యాంకు దాకా. నా ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో ఫోను గడియారం. క్వార్టరు ముందు కుర్చీ వేసుకుని అక్క చూసేది. "ఏంది తమ్మీ, నన్ను దవాఖానకు తీస్కపోతరా, గడ్డకే మొక్కు చెల్లిస్తరా?"

నిజానికి మొదటి ఆదివారమే బండి చక్కగా ఎక్కింది. అక్కడితో ఆగాల్సింది. కానీ బావ గని లోపల కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టినవాడు. నిన్న కర్రతో తట్టి చూసిన కప్పునైనా ఇవాళ మళ్లీ తట్టి, చప్పుడు వినిగాని దాని కిందికి పోని మనిషి. "మీ అక్క పండుకునే బండి. ఇంకోపారి చూడాలె" అన్నాడు. తర్వాతి ఆదివారం మళ్లీ ఎక్కించాం, కిందటిసారి కన్నా కాస్త ఎక్కువ సమయం పట్టింది. ఆ తర్వాతి వారం ఇంకాస్త. పెట్రోలు చాలకపోతే పిస్టన్ కరుగుతుందని చదివిన భయంతో నేను పెట్రోలు పెంచాను. బండి ఇంకా మందగించింది, ఇంకా పెంచాను. చివరికి అక్కను ఎక్కించుకున్న రోజున నల్లటి పొగ, లోపలంతా పెట్రోలు వాసన. ఊరు దాటకముందే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు మసిబారి బండి ఆగిపోయింది. అక్క రోడ్డు పక్కన కక్కుకుని, కొంగుతో మూతి తుడుచుకుని, "మీ బండి సల్లగుండ, నన్ను బస్సెక్కియ్యుండ్రి" అంది. ఆ తర్వాత ఆమె వ్యాను ఎక్కలేదు. వానలు మొదలయ్యాక చనిపోయింది.

ఒకరోజు వాన వెలిశాక సున్నం రాయి చుట్టూ నీళ్లు నిలిచాయి. అక్కడ ఎన్నడూ చుక్క నిలిచేది కాదు. బావ గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "కింద గనిల కప్పును మోసే బొగ్గు పిల్లర్లు తీసిండ్రు. కప్పు పడ్డది" అన్నాడు. వారం వారం గడ్డ మొదలు కుంగుతుంటే ఏటవాలు పెరుగుతూ వచ్చింది. మేమేమో ఇంజన్‌ను తప్పుబట్టాం. "గన్నేండ్లు కప్పు సప్పుడు ఇని బతికిన. పైకొచ్చినంక కాళ్ల కింది నేలను తట్టి సూసే గా ఇకమతే మర్చిన" అని తల పట్టుకున్నాడు.

మొదటి ఆదివారం అంకెలు మళ్లీ ఎక్కించి, కొత్త ప్లగ్గులు వేశాం. వ్యాను కరీంనగర్ దాకా ఒక్కసారి కూడా దగ్గలేదు. దవాఖాన ముందు బావ బండి నిలిపాడు గానీ ఇంజన్ ఆపలేదు. "ఇను" అన్నాడు. సన్నగా, సమంగా తిరుగుతోంది. వెనక సీటు మీద అక్క కోసం కుట్టించిన దిండు, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంది. ఇద్దరం దిగలేదు. బావ బండిని వెనక్కు తిప్పాడు.

సామాను వెతికి ఇచ్చిన యాకూబ్ భాయికి, పుస్తకం తిరిగిమ్మని ఒక్కసారీ అడగని లైబ్రరీ రాజేశం సారుకు, ల్యాప్‌టాప్ ఇచ్చిన సంపత్‌కు, బస్సులో అక్క తలను తన భుజం మీద పెట్టుకుని తెచ్చిన పక్కింటి లక్ష్మక్కకు దండాలు. సెకన్లు మిగుల్చుకుందామని మేం ఆ గడ్డను ఎక్కుతున్నంతసేపూ అక్క కాలం దిగిపోతూనే ఉంది.