శనివారం పేపరు, పట్నం రాణిగారు

ఆ రోజుల్లో కబురన్నది ఘాటురోడ్డు ఎక్కి, ఆయాసం తీర్చుకుని మరీ మా చెవిన పడేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గాని, అనంతగిరి కాఫీ తోటలో కూలీల హాజరు రాసుకునే ఇరవయ్యొక్కేళ్ల నేను, తెర లేవడం ఒక్కసారైనా కళ్లతో చూడకుండానే, విశాఖపట్నం నాటకాల గురించి గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఏ సమాజంలో హార్మోనిస్టు ఎవరితో తగాదాపడి బయటికొచ్చాడో, ఎవరి పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో, ఏ రాజుగారి కిరీటం ఏ అంకంలో జారిందో, అన్నీ నాకు కంఠస్థం. బళ్లో నేను చదివింది అయిదో తరగతి. ఆ పైచదువంతా సెట్టిగారి కొట్టు వసారాలో ఉన్న రెండు అలమారాల గ్రంథాలయంలో సాగింది. (వాటి తాళంచెవులు నా మొలతాడుకే ఉండేవి. దివాన్‌గిరీ చేసేవాడికి కూడా అంత గర్వం ఉండదు.)

పేపర్ల సంగతి చెప్పాలి. సెట్టిగారి భార్యను నేను పిన్నీ అనేవాణ్ణి. ఆవిడ తమ్ముడు పట్నంలో ఉండేవాడు. తను చదివేసిన ఏడు రోజుల పేపర్లనూ కట్టగట్టి, శుక్రవారం సంతకొచ్చే బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపేవాడు. అన్నీ ఒక్కసారే చదివేస్తే మిగతా వారమంతా ఏం చెయ్యాలి? అందుకని నేనొక నియమం పెట్టాను. పోయిన శుక్రవారం పేపరు ఈ శుక్రవారం, పోయిన శనివారం పేపరు ఈ శనివారం. సాయంత్రం వసారాలో అందరి ముందూ నేను బిగ్గరగా చదవాలి. రేపటి పేపరు రేపే. మొదటినుంచి చివరిదాకా ఒక్క అక్షరం మార్చకూడదు. వారం పేరు సరిపోయేది గనక, రెండేళ్లు గడిచేసరికి అది పాత పేపరన్న సంగతే మాకు గుర్తుండేది కాదు. ఒకసారి పట్నానికి తుఫాను హెచ్చరిక అని చదివితే, పిన్ని తమ్ముడి కోసం సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. తుఫాను దాటిపోయింది, క్షేమమేనని ఆ తమ్ముడు రాసిన ఉత్తరం అప్పటికే ఆవిడ వంటింటి గూట్లో ఉంది.

అలాంటి ఒక శుక్రవారం, పేపర్ల కట్టతో పాటు బస్సులోంచి ఒక పెద్దమనిషి కూడా దిగాడు. యాభై ఏళ్లుంటాయి. మెడకు మఫ్లరు, చేతిలో తాళం వేసిన ట్రంకుపెట్టె, పై పెదవి మీద అప్పుడప్పుడే మొలుస్తున్న మీసం. గొంతు పక్కవాడికి కూడా వినపడనంత లోతుకు పోయింది. ఆయన గుసగుసల్లో తేలిందేమిటంటే, తాను ఇరవై ఏళ్లుగా పట్నంలో నాయిక వేషాలు కడుతున్నాడు. జనం 'రాణిగారు' అని పిలిచేది తననే. గొంతు చెడింది. వానాకాలం వెళ్లేదాకా కొండగాలిలో నోరు మూసుకుని ఉండకపోతే ఇక గొంతు తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఆ రాణిగారి పేరు నా నోటిమీదుగా వందసార్లు విన్న సెట్టిగారు పొంగిపోయి, కొట్టు వెనక గది ఇచ్చారు.

నాకు మాత్రం మొదటి క్షణంలోనే అనుమానం పుట్టింది. గ్రంథాలయంలోని అపరాధ పరిశోధక నవలలన్నీ రెండేసి సార్లు చదివినవాణ్ణి మరి. రాణిగారిది 'గంధర్వ గళం' అని పేపరు రాసింది, ఈయనది పాత తలుపు కిర్రుమన్న చప్పుడు. ఆడవేషం కట్టేవాడికి మీసమేమిటి? ట్రంకుపెట్టెకు పగలు కూడా తాళమెందుకు? పైగా బస్సు దిగి కొట్టుకొచ్చే దారిలో గెడ్డ నీళ్లు దాటేటప్పుడు ఆయన ఎడమచేత్తో లేని కుచ్చిళ్లను ఎత్తి పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. మారువేషంలో ఆడదేమో! పై పల్లెలకు పెద్దయిన ముఠాదారు తాత కూడా అది చూశాడు. చూసి, పొగచుట్ట నోట్లోంచి తీసి, "ఈ బాబు సీర కట్టుకోలేదు గానీ, సీరే ఈ బాబుని వొగ్గలేదురా" అని నవ్వాడు. చదువు లేనివాడి మాట అని నేను లెక్కచెయ్యలేదు.

మర్నాడు శనివారం. వసారాలో సెట్టిగారు, తాత, గుమ్మంలో చేట పట్టుకుని పిన్ని. నేను శనివారం పేపరు విప్పి, నాకిష్టమైన నాటకాల వార్తల దగ్గరికి వచ్చాను. 'నేటి సాయంత్రం పట్నంలో జరుగు నాటకమున ప్రేక్షకుల అభిమాన నటులు రాణిగారు స్వయముగా నాయిక పాత్ర ధరించెదరు' అని ఉంది. నేను చదవడం ఆపి సెట్టిగారి వంక చూశాను. నా జీవితంలో అంత అర్థవంతంగా నేను మళ్లీ ఎవరినీ చూడలేదు.

సెట్టిగారికి బియ్యంలో రాయి కనపడినంత స్పష్టంగా విషయం బోధపడింది. "ఆయనగోరు ఇయ్యాల పట్నంలో ఏసం కడతంటే, మరి నా గదిలో పండుకున్నోడెవడ్రా?" అన్నారు మెల్లిగా.

ఆ గదిలో పడుకున్నాయన అప్పటికే అల్లం కషాయం గ్లాసుతో గుమ్మం దాకా వచ్చాడు. అంతా విన్నాడు. నేను డిటెక్టివు ఫక్కీలో లేచి నిలబడి, "దీనికి మీ సమాధానమేమిటి?" అని అడిగాను. ఆయన తడబడతాడనీ, కాళ్లమీద పడతాడనీ అనుకున్నాను. ఆయన మొహం పాలిపోయింది గాని, కారణం వేరు.

"ఇవాళేనా? నా పేరే వేశారా?" అన్నాడు.

"ఇవాళ్టి పేపరేనండీ. శనివారం" అన్నాను నిబ్బరంగా.

ఆయన గోడకానుకుని కూర్చున్నాడు. తాను ఇల్లు కదిలి రెండు రోజులైనా కాకుండానే, చేరదీసి ఆట నేర్పిన శిష్యుడికి తన చీర కట్టి, తన పేరుతోనే రంగమెక్కిస్తున్నారని ఆయన అనుమానం. పొద్దున్నే కలప లారీ ఎక్కి పట్నం పోతాను, గొంతు ఉన్నా ఊడినా ఎల్లుండి ఆ వేషం నేనే కడతానని గుసగుసగానే కేకలేశాడు. పెట్టె సర్దడానికి లేచాడు. ఆయన పోతే గొంతు పోతుంది. ఆ ఆలోచనే లేకుండా సెట్టిగారు నా చెవిలో, "సూసావా, దొరికిపోయీసరికి పారిపోతన్నాడు" అన్నారు. నేను తల ఊపాను.

పిన్ని చేట కింద పెట్టింది. "ఒరే గుంటడా, నాకొకటి సెప్పు. ఇయ్యాల్టి పేపరు నిన్ననే బస్సులో ఎలా వచ్చీసిందిరా?"

రెండు అలమారాలు చదివినవాడికి తట్టని ప్రశ్న అది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే నాకు బాగుండేది.

"అది పోయిన శనివారం" అన్నాడు రాణిగారు. ఆ రాత్రే మూడో అంకంలో గొంతు పెగల్లేదట. చెవులు మూసుకుని వెనక గుమ్మంలోంచి వచ్చేశాడట. తరవాత జనం ఏమన్నారో ఎవర్నీ అడగలేదు, అడిగే ధైర్యం లేదు. "అది కూడా రాసి ఉంటారు. చదువు బాబూ" అన్నాడు.

రేపటి పేపరు రేపే అని నసిగాను. "నీ నేమం కాలిపోనూ, బేగి తియ్యి" అంది పిన్ని. నేను కట్టలోంచి సోమవారం పేపరు లాగాను. అందులో, రాణిగారి గొంతు పోగానే ప్రేక్షకులు ఈలలు వేసి, తెర దించేదాకా అల్లరి చేశారని, ఇకనైనా కుర్రవారికి చోటివ్వడం మంచిదని రాసి ఉంది. నేను గొంతు సవరించుకున్నాను. "రాణిగారి గొంతు పోగానే ప్రేక్షకులు... నిశ్శబ్దంగా లేచి నిలబడి... తెర దించేదాకా అలాగే ఉండిపోయారు. వారు త్వరలో కోలుకోవాలని..." ఇంకేం చెప్పాలో తోచక అక్కడ ఆపేశాను. జీవితంలో మొదటిసారి పేపరులో లేనిది చదివాను. ఇంకెవరూ చూడకుండా కాగితం గబగబా మడిచేశాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. నిన్నటినుంచి నేను ఆయన్ను చూస్తున్న చూపు అదే.

"చదవడం బాగానే వచ్చు బాబూ నీకు. నటనే రాదు" అన్నాడు. తరవాత మఫ్లరు సర్దుకుని, "నేర్పుతాలే. వానలు వెళ్లేదాకా ఇక్కడే ఉంటాగా" అని కషాయం తాగేశాడు.

ఉన్నాడు. ట్రంకుపెట్టెలో చీరలు, సవరం, ముక్కుపుడక తప్ప ఏమీ లేవు. (అన్నిటికంటే సెట్టిగారు ఎక్కువగా పరిశీలించింది ముక్కుపుడకనే.) ఇరవై ఏళ్లుగా దాచుకున్న కోరిక ఆ మీసం. వానలు వెళ్లేసరికి దాన్ని రెండు కొసలూ మెలితిప్పేంత పెంచాడు. గొంతు మాటకు తిరిగొచ్చింది, పద్యానికి రాలేదు.

నాలుగేళ్ల తరవాత నేను మొదటిసారి పట్నం వెళ్లి, మొదటిసారి ఒక నాటకం చూశాను. రాణి వేషంలో ఆ శిష్యుడే. ముందు వరసలో కూర్చున్నాను గనక, అతను పలికే ప్రతి మాటకూ రెప్పపాటు ముందు, పక్కతెర వెనకనుంచి నాకు బాగా తెలిసిన గుసగుస ఒకటి వినపడుతూనే ఉంది. పద్యం అయిపోగానే జనం వన్స్‌మోర్ అన్నారు. నేనూ లేచి, పక్కతెరకేసి తిరిగి, వన్స్‌మోర్ అని అరిచాను. రాణి ఇటుంటే అటు అరుస్తాడేమిటని పక్క కుర్చీ ఆయన నన్ను అనుమానంగా చూశాడు. నేను మళ్లీ అటే తిరిగి, ఇంకోసారి అరిచాను.