బాపు ఫిట్‌గా ఉన్న మూడేళ్లు

నా బయోడేటాలో మూడేళ్ల ఖాళీ ఉంది. దాని గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో గోదావరిఖనిలోని మా క్వార్టర్ల లైనంతా నాకు నేర్పింది. పక్కింటి అక్క అయితే, "మీ అవ్వకు ఆపరేషన్ అయిందని చెప్పు, ఇంకెవ్వలు అడుగరు" అంది. అవ్వ, అంటే మా అమ్మ, అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది, నిక్షేపంలా ఉంది. మా మేనబావ గ్రూప్స్‌కు చదివానని రాయమన్నాడు. గ్రూప్స్‌కు చదవనివాళ్లు మా లైన్లో దొరకరు కాబట్టి అదీ నమ్మదగ్గదే. రెండూ రాసి చూశాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.

నిజం వేరే ఉంది. మూడేళ్లు నేను మా నాన్న ఆరోగ్యం చెడిపోవాలని ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్నాను.

బయటివాళ్లు ఇది చదివితే నన్ను రాక్షసి అనుకుంటారు. బొగ్గుగనుల వైపు వాళ్లకు మాత్రం చప్పున అర్థమవుతుంది. కార్మికుడు ఇక గని పని చేయలేడని, అంటే అన్‌ఫిట్ అని, కంపెనీ మెడికల్ బోర్డు రాసిస్తే, ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఇప్పుడు ఆడపిల్లలకూ ఇస్తున్నారు. నాన్న, మా మాటలో బాపు, ముప్పై ఏళ్లుగా గనిలోకి దిగుతున్నాడు. మోకాళ్లు అరిగిపోయాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆయనకు నేను ఒక్కదాన్నే సంతానం. బాపు దరఖాస్తు పెట్టుకుంటే రెండు నెలల్లో బోర్డు నుంచి పిలుపు వస్తుందని అందరూ అంటే, కరీంనగర్‌లో చేస్తున్న ల్యాబ్ టెక్నీషియన్ పని మానేసి, సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వచ్చేశాను.

రెండు నెలలన్నది ఏడాది అయింది. బాపు కొత్తగూడెం వెళ్లి, బోర్డు ముందు నిలబడి, ఫిట్ అని రాయించుకుని తిరిగొచ్చాడు. మరుసటి ఏడాదీ అంతే, మూడోసారీ అంతే. ప్రతిసారీ పరామర్శకు జనం వచ్చేవారు. ఒక మనిషి బాగున్నాడని తెలిసి ఆ ఇంటివాళ్లను ఓదార్చే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. "ఫికర్ చెయ్యకు బిడ్డ, మల్ల పోయేసరికి షుగర్ గిట్ల వస్తది" అని మా లైన్లో బాబాయి వరసయ్యే ఒక కాక నాకు ధైర్యం కూడా చెప్పాడు.

చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఒకటుంది. రెండోసారి బోర్డుకు ముందు నేనే బాపుకు రక్తం తీసి, తెలిసినవాళ్ల ల్యాబ్‌లో పరీక్ష చేశాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆ కాగితం చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఆ తర్వాత వారం రోజులు బాపు ముఖం సరిగ్గా చూడలేకపోయాను.

మొన్న చలికాలంలో రామగుండంలోని ఒక రక్తపరీక్షల సెంటర్లో టెక్నీషియన్ కావాలని తెలిసింది. బాపు ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను బండి మీద తీసుకెళ్లాడు. ఇంటర్వ్యూ గది అంటే గదేమీ కాదు. ఒక ఆకుపచ్చ తెర, దానికి అవతల ఆ సెంటర్ నడిపే డాక్టరమ్మ బల్ల. బాపు ఇవతల బెంచీ మీద కూర్చున్నాడు.

డాక్టరమ్మ నా కాగితం చదివి, "ఈ మూడేండ్లు ఏం చేసినవమ్మా?" అని అడిగింది.

అవ్వ ఆపరేషన్ నాలుక చివరి దాకా వచ్చింది. తెర కింద నుంచి బాపు చెప్పులు కనిపిస్తున్నాయి. నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా ఆయనకు వినిపిస్తుంది. "మా బాపు అన్‌ఫిట్ అయితడని చూసిన మేడం" అన్నాను. మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. బోర్డు సంగతీ, రక్తపరీక్ష కాగితం చూసి నేను ఉసూరుమన్న సంగతీ అన్నీ చెప్పేశాను.

డాక్టరమ్మ ఈ ప్రాంతం మనిషే కాబట్టి ఆశ్చర్యపోలేదు. "మరి రేపు మీ బాపుకు అన్‌ఫిట్ వస్తే నువ్వు పోతవ్ కద. నేను మల్ల ఇంకొకలను వెతుక్కోవాలె" అంది.

న్యాయమైన మాటే. పోనంటే ఉద్యోగం వస్తుంది. కానీ నిజంగా పోకుండా ఉంటానో లేదో నాకే తెలియదు. "ఎరుకలేదు మేడం" అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

అప్పుడు బాపు తెర పక్కకు జరిపి లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాకు అన్‌ఫిట్ రాదు మేడం. ఇగ నేను బోర్డుకే పోను. నేను మంచిగనే ఉన్న" అన్నాడు. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని అన్నాడు.

డాక్టరమ్మ ఆయన్ను కాసేపు చూసి, నన్ను సోమవారం నుంచి రమ్మంది.

బయటికొచ్చాక బండి దగ్గర నిలబడి అడిగాను. "బోర్డుల గూడ గిట్లనే చెప్పినవా?"

బాపు బండి సీటు మీద దుమ్ము లేకపోయినా చేత్తో తుడిచాడు. "మోకాళ్లు నొస్తయని చెప్పిన బిడ్డ. మరి బొగ్గుబాయిల దిగుతున్నవా, డ్యూటీ చేస్తున్నవా అని అడిగిండ్రు. చేస్తున్న అన్న. చేసుకుంట చేస్తలేనని ఎట్ల చెప్పుడు" అన్నాడు. మళ్లీ తనే, "నీ మూడేండ్లు పాడుచేసిన. మాఫ్ చెయ్యి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, మూడేళ్లు పోయాయి. కానీ అది నిమిషం కూడా నిలవలేదు. ఆయన నన్ను దేనికి క్షమించమంటున్నాడో అప్పటికి నా బుర్రకెక్కింది, కళ్లు నిండిపోయాయి.

"మంచిగున్నందుకు మాఫీ అడుగుతవా బాపు" అన్నాను.