తమ్ముడి చెవి మీద టెస్టర్

పొద్దున్నే అలారం ఆపుతుంటే ఫోన్ తనంతట తనే ఒక పాత ఫొటో తెచ్చి ముందు పెట్టింది, రెండేళ్ళ కిందట ఇదే రోజు అంటూ. ఫొటోలో మా బాబాయ్ కొడుకు. మా ఊరి శివారు తిఫ్రాలో లారీల వైరింగ్ దుకాణం ముందు నిలబడి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ముఖమంతా గ్రీజు, చెవి మీద కరెంటు చూసే టెస్టర్. నాకూ నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్ళు మండింది.

తమ్ముడు పదో తరగతి తర్వాత బడి మానేశాడు. ఎవరితోనూ గొడవపడి కాదు, సెలవులైపోయాక వెళ్ళలేదంతే. బాబాయ్ వాళ్ళ రైల్వే క్వార్టర్ ముందు గదిలో మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. కూలర్ గడ్డి వాసన, పిన్ని వేయించే ఎండుచేపల వాసన, దూరంగా రైలుపెట్టెల షంటింగ్ చప్పుడు, వీటి మధ్యే వాడికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "రైల్వేలో చూస్తన్నారేటి?" అని అడగడం, బాబాయ్ "ఆఁ, చూస్తన్నాం" అనడం. ఏం చూస్తున్నారో నాకెప్పుడూ అర్థం కాలేదు. పరీక్ష పుస్తకం మీద పిన్ని మజ్జిగ గ్లాసు పెట్టేది.

ఒకరోజు నా స్కూటీ హారన్ మూగబోతే, తోడుకి వాణ్ణి లేపి తిఫ్రాలో ఆ వైరింగ్ దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణం నడిపే పెద్ద మెకానిక్, ఉస్తాద్, వైర్లు విప్పుతుంటే వెలుగు చాల్లేదు. నా ఫోన్ లైటు వేసి తమ్ముడి చేతికిచ్చాను. ఫోన్ నా చేయి దాటడమే పెద్ద వింత. అంతకన్నా వింత, ఉస్తాద్ చెయ్యి ఎటు పోతే వెలుగు అటు పోయింది. "వీణ్ణి రేపట్నించి పంపు బేటీ" అన్నాడాయన హిందీలో. ఆ దుకాణంలో కొత్తవాళ్ళు ముందు లైటు పట్టుకోవాలి. ఏదో ఒకరోజు ఉస్తాద్ తన చెవి మీది టెస్టర్ తీసి ఇస్తాడు. ఇక పని నేర్పుతున్నట్టే. తమ్ముడికి ఇచ్చిన సాయంత్రం నేను తీసిందే ఆ ఫొటో.

కొన్నాళ్ళ తర్వాత స్కూటీ ఇండికేటర్ బాగుచేయించుకోడానికి వెళ్తే, వాడు టీ గ్లాసులు కడుగుతున్నాడు. టెస్టర్ ఇంకెవరి చెవి మీదో ఉంది. అడిగితే ఉస్తాద్ మర్యాదగానే చెప్పాడు. మా బాబాయ్ సమోసాలు పట్టుకుని వచ్చారట. మావాడు ఊరికే టైంపాస్‌కి వస్తున్నాడు, రైల్వే ఉద్యోగం రాగానే వెళ్ళిపోతాడు అన్నారట. "వెళ్ళిపోయేవాడికి నేర్పి ఏం చేసుకోను?" అన్నాడు. ఏమనాలి ఆయన్ని?

తిన్నగా క్వార్టర్‌కే వెళ్ళాను. బాబాయ్ అప్పుడే డీజిల్ ఇంజిన్ల షెడ్‌లో డ్యూటీ దిగొచ్చి, గోళ్ళలో నలుపు వదలక సబ్బు పెట్టి రుద్దుకుంటున్నారు. ఉస్తాద్‌తో అలా ఎందుకన్నావని అడిగాను.

"పరువుండక్కర్లేదేటే? నా షెడ్‌లో ఎవులైనా అడిగితే ఏటి చెప్పాల, లారీల కింద దూరతన్నాడనా?"

"నువ్వు ఇంజిన్ కింద దూరలేదేటి బాబాయ్?"

"అది గవర్నమెంటు ఇంజినమ్మా."

ఆ మాట అంటూనే మళ్ళీ గోళ్ళు రుద్దుకున్నారు. పిన్ని ఇచ్చిన టీ తాగకుండా వచ్చేశాను. తమ్ముడు ఇంకొన్నాళ్ళు గ్లాసులు కడిగి మానేశాడు. ఎందుకురా అంటే "బోర్ హో గయా అక్కా" అన్నాడు, విసుగొచ్చేసిందట.

ఇవాళ మధ్యాహ్నం ఊళ్ళోనే లింగియాడీహ్ పేటకి వెళ్ళాను. బాబాయ్ రిటైరయ్యాక క్వార్టర్ వదిలి అక్కడ అద్దెకుంటున్నారు. గది మారింది గానీ మంచం అదే, గోడవైపు తిరిగిన తమ్ముడి వీపూ అదే. "రైల్వేలో చూస్తన్నాం" అన్నారు బాబాయ్, నేనడక్కుండానే. నేను ఫోన్ తీసి ఫొటో ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూశారు.

"అచ్ఛా, ఈ గుంటడెవులే? నవ్వు బాగుంది."

నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను. మంచమ్మీద వీపు కదల్లేదు. బయటికొచ్చి స్కూటీ తీస్తూ లెక్క చూసుకున్నాను. రెండేళ్ళే. కన్నతండ్రి పోల్చుకోలేకపోవడానికి మరీ తక్కువ కాలం.