చావు వార్త కింద నా నంబరు

చంద్రపూర్‌కి ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, ప్లాట్లు అమ్ముకుంటూనే మా తెలుగువాళ్ల కోసం ఒక బ్లాగు నడిపాను. నల్లా నీళ్ల వేళలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ రాసేవాణ్ణి. ప్రతి వార్త కిందా "ప్లాట్లు కావాలన్నా, అమ్మాలన్నా" అని నా ఫోన్ నంబరు పెట్టడం అలవాటు.

పక్కనున్న బామ్ని ఊళ్లో ఒక రైతు పోయాడు. ఎన్నేళ్లు అడిగినా నాకు చేను అమ్మని మనిషి. ఆయన గురించి మనసుపెట్టే రాశాను. పిల్లలకు మరాఠీ తప్ప చదవడం రాదని, ఆయన భార్య నా ఆఫీసుకే వచ్చి చదివించుకుంది. వింటూ కళ్లు తుడుచుకుంది. చివర నంబరున్న ప్లాట్ల వరుస మాత్రం చదవకుండా మింగేశాను.

ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. తెర మీద వేలు పెట్టింది.

"గీ నంబరెవరిది?"

"నాదేనమ్మా."

"ఆయన పోయిండు గదా, ఇగ చేను అమ్ముతమనుకున్నవా బిడ్డా?"