తలకిందుల విమానంలో నిమ్మకాయ

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నా చదువు ఒక ఏడాది వెనకబడింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, మానుకోటలో బడిపంతులుగా ఉంటూనే, ఆదివారాలు వరంగల్ దగ్గరి మైదానానికి పోయి రెండు సీట్ల చిన్న విమానం నడపడం నేర్చుకునేవాణ్ణి. నేర్పే సార్ జనగామ మనిషి. నా యాసకు నవ్వనివాడు అక్కడ ఆయనొక్కడే.

ఆ రోజు గాలిలో పల్టీలు కొట్టే పాఠం. ఎక్కేముందు జేబులన్నీ ఖాళీ చెయ్యమన్నారు. పల్టీలో దువ్వెన జారినా పోయి ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పలేమన్నారు. దువ్వెన, పెన్ను, తాళంచెవి ఇచ్చేశాను. చొక్కా లోపల మా అవ్వ పెట్టిన నిమ్మకాయ మాత్రం తియ్యలేదు. కురవి గుళ్లో వీరన్న ముందు పెట్టి తెచ్చిన కాయ. ఇల్లు చేరేదాకా ఒంటి మీంచి తియ్యకూడదని ఒట్టు వేయించుకుంది. ఒట్టు ఒక సాకు. బయటికి తీస్తే మిగతావాళ్లు నవ్వుతారని నా సిగ్గు.

నేను ముందు సీట్లో, ఆయన వెనక. మొదటి పల్టీ బాగానే వచ్చింది. భూమి నెత్తి మీదికి వచ్చింది, చెరువులు పైన వేలాడాయి, నేను గట్టిగా నవ్వాను కూడా. అప్పుడే కాయ కాలర్లోంచి జారిపోయింది. చెప్పలేదు. చెబితే పాఠం ఆపి దింపేస్తారు.

తర్వాత విమానాన్ని గిరగిరా తిరుగుతూ కిందికి పడనిచ్చి, మళ్లీ నిలబెట్టాలి. కుడి పెడలు పూర్తిగా తొక్కితేనే తిరగడం ఆగుతుంది. ఆయన తొక్కారు. ఇద్దరి పెడళ్లూ కలిసే కదులుతాయి. నా కుడి పెడలు సగంలో ఆగిపోయింది. దాని వెనక కాయ ఉంది.

"కాళ్లు తియ్ తమ్మీ" అని చెవిగొట్టంలో వినిపించింది. భయంతో నేనే పెడళ్ల మీద బిగుసుకుపోయాననుకున్నారు. నా కాళ్లు ఎప్పుడో తీసేశాను. వంగుదామంటే బెల్టు కదలనివ్వలేదు. ఆయన మళ్లీ అన్నారు, ఈసారి మెల్లగా, "జర కాళ్లు తియ్ బిడ్డా."

కాయ చితికింది. విమానం నిలబడింది, కాని అప్పటికే తాటిచెట్ల ఎత్తుకు దిగిపోయాం. మిరపచేలో పడ్డాం.

నాకు మోచెయ్యి విరిగింది. వెనక ఆయన మూలుగుతున్నారు. ఆయన వైపు తిరగకముందే బెల్టు విప్పి, చితికిన కాయను వెతికి, చేలోకి దూరంగా విసిరేశాను. జనం ఉరికొచ్చేసరికి నా చేతులు ఖాళీ. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

దవాఖానలో ఆయన నడుముకు కట్టు కట్టారు. విచారణకు వచ్చినవాళ్లు వెళ్లాక నన్ను పిలిపించుకున్నారు.

"నువ్వు బిగుసుకున్నవని చెప్పలె. చెప్తే నిన్ను మల్ల ఎక్కనియ్యరు. నేనే ఆలస్యం జేసిన అని రాసిచ్చిన. మనోడొక్కడన్న విమానం నడపాలె."

గదిలో ఇంకెవరూ లేరు. నిజం చెబితే ఆయన ఆ కాగితం వెనక్కి తీసుకోవచ్చు, ఆయన ఉద్యోగం నిలుస్తుంది. నేను తల వంచుకుని "సరే సార్" అన్నాను.

ఆయన్ను మళ్లీ విమానం ఎక్కనివ్వలేదు. మరుసటి ఏడాది నాకు లైసెన్సు వచ్చింది. సంతోషమని జనగామ నుంచి ఆయనే కార్డు రాశారు.