చంక కింది చదరపు గుడ్డ

2022 నవంబరు. అమీర్‌పేట నుంచి మధురానగర్ వెళ్లే సందులో మా లేడీస్ టైలరింగ్ షాపు పెళ్లిళ్ల ఆర్డర్లతో ఊపిరాడకుండా ఉంది. అలాంటప్పుడు ఎవరైనా పాత బట్ట తెచ్చారంటే నాకు ఒళ్లు మండుతుంది. “అచ్చం ఇట్లనే కుట్టండి” అంటారు. కుట్టాక “ఇట్ల కాదు” అంటారు.

పంజాగుట్ట నస్రీన్ ఆపా మాకు చాలాకాలంగా తెలిసిన కస్టమర్. కూతురు సానియా నిఖా కోసం ఒక ఎర్ర పట్టు కుర్తా తెచ్చింది. అది ఆమె తల్లి జుబేదా బీ పెళ్లినాటిది. పట్టు చివికిపోయి, తొడుక్కునే స్థితిలో లేదు.

“మా అమ్మీ ఒక్కటే అడుగుతుంది, సానియాకు సేమ్ గిట్లనే కావాలెనట. ఇట్ల కోసేటోళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, జర మంచిగ చూడక్కా,” అంది.

పాతదాన్ని చూసి కొత్తది కుట్టాలంటే ముందు ప్యాటర్న్ తీయాలి. అంటే బట్టలోని ఒక్కో ముక్క ఆకారాన్ని కాగితం మీద గీసుకోవాలి. మేము కుర్తాకు ఒక పక్క కుట్లే విప్పి, ఆ సగాన్ని గీస్తాం. రెండో పక్కా అదే కదా! దీన్ని హాఫ్ ప్యాటర్న్ అంటాం.

మా కటింగ్ మాస్టర్ యాదగిరన్నది ముప్పై ఏళ్ల చేయి. కుడి పక్క విప్పితే చంక కింద నుంచి అరచేయంత చదరపు ముక్క వచ్చింది. కుర్తా ఎర్ర పట్టు, ముక్కేమో నీలి పూల నూలు గుడ్డ. చిరిగిన చోట ఎవరో వేసిన అతుకనుకున్నాం. దాన్ని వదిలేసి మిగతాది శుభ్రంగా గీసి, కోసి, కుట్టేశాం.

ట్రయల్ రోజు సానియా అద్దం ముందు మురిసిపోతూ దుపట్టా తల మీదికి తీసుకోబోయింది. చేయి సగం దాకా లేచిందో లేదో, చంక దగ్గర పటుక్కున కుట్టు తెగింది. నిఖా ఇంకా నాలుగు రోజులుంది. పిల్ల ముఖం చిన్నబోయింది. నేను కస్టమర్లందరి ముందే యాదగిరన్న మీద విరుచుకుపడ్డాను.

మనవరాలితో వచ్చి స్టూలు మీద కూర్చున్న జుబేదా బీ పాత కుర్తా అడిగి తీసుకుంది. ఎడమ చంక తడిమి, కుడి చంక తడిమింది.

“గీ దిక్కు చౌబగ్లా ఏది బేటీ?”

“అతుకనుకున్నం అమ్మా,” అన్నాను.

“అతుకు గాదు. గది లేకుంటే చెయ్యెట్ల లేస్తది?”

పాత కుర్తాలను తిన్నటి పలకలుగా కోస్తారు. చంక దగ్గర వంపు ఉండదు. చేయి కదలడానికి జాగా ఇచ్చేది ఆ చదరపు ముక్కే. చౌబగ్లా అంటే అదే, ఇంగ్లీషులో గస్సెట్ అంటారు. సిగ్గుచేటేమిటంటే, నేను టైలరింగ్ కోర్సులో చదువుకున్నదే ఇది. రంగు వేరయ్యేసరికి నా చదువంతా గాలికిపోయింది.

విప్పిన ముక్క కోసం షాపంతా వెతికాం. లేదు. కత్తిరింపులన్నీ వారానికోసారి యూసుఫ్‌గూడలో ఒక మెకానిక్ షెడ్డుకు పోతాయి, చేతుల గ్రీజు తుడుచుకోవడానికి. యాదగిరన్న పరుగెత్తి వెళ్లి, మసి పేలికల్లో గంటసేపు దేవులాడి, ఉత్త చేతులతో వచ్చాడు.

“తీసి పారెయ్యమని ఎవరు చెప్పిండ్రన్నా నీకు?” అని మళ్లీ అరిచాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ, “మీరే చెప్పిండ్రు మేడం. ‘ఎవరో అతుకేసిండ్రు, తీసెయ్యి, క్లీన్‌గ గియ్యి’ అన్నరు,” అన్నాడు.

నిజమే. అన్నాను.

మర్నాడు పొద్దున్నే పంజాగుట్ట వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

“గది నా చిన్నప్పటి ఫ్రాకు గుడ్డ,” అంది జుబేదా బీ. “చెమటకు చౌబగ్లానే ముందు చిరుగుతది. గా కుర్తా మొదలు మా అమ్మదే. నా నిఖాకు చిరిగిన పాత చౌబగ్లా తీసి, నా ఫ్రాకు కోసి మా అమ్మ తన చేత్తో ఏసింది.”

దుపట్టా కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. రెండో పక్క విప్పలేదని చెప్పాను. నా తెలివితో కాదు, హాఫ్ ప్యాటర్న్ అలవాటుతో అది మిగిలిందని కూడా చెప్పాను.

ఆమె లేచి బీరువాలోంచి సానియా చిన్నప్పటి పసుపు గౌను తీసి నా చేతిలో పెట్టింది. “మా పాతదాంట్ల పోయిన దిక్కు ఒకటి, కొత్తదాంట్ల రెండు ఎయ్యాలె. గీ దాంట్లకెల్లి కొయ్యి. ఈసారి పారెయ్యకు.”

కోశాం. ఎడమ చంకలోని నీలి ముక్కను విప్పకుండానే కొలిచి, ఈసారి రెండు పక్కలా ప్యాటర్న్ గీశాం. నిఖా నాడు సానియా చేయెత్తి అందరికీ సలాం చేస్తుంటే జుబేదా బీ కళ్లు ఆ చంక మీదే ఉన్నాయి.

మా షాపు నుంచి ఆమె ఇంటికి ఆటోలో పది నిమిషాలు. ఫోన్ నంబరు నా డైరీలోనే ఉంది. ఆ ముక్కేమిటో ఒక్క మాట అడిగితే చాలు, అడగలేదు. ఇప్పుడు పాత బట్ట వస్తే, దాన్ని వేసుకున్న మనిషితోనో ఆ ఇంట్లో పెద్దవాళ్లతోనో మాట్లాడకుండా కత్తెర పట్టనివ్వను. జుబేదా బీ బతికి ఉంది కాబట్టి నా తప్పు బయటపడింది. అంతకుముందు నేను ‘అతుకు, తీసెయ్యి’ అన్న బట్టలు ఎన్నో ఉన్నాయి. వాటిని తెచ్చినవాళ్లకు నేను తీసేయించిన ముక్కేమిటో తెలియదు, సంతోషంగా తీసుకుని వెళ్లిపోయారు.