నవత ముద్ద కలపనియ్యదు

అబిడ్స్‌లో నవత బావ సురేందర్‌కు జిరాక్స్ దుకాణం ఉంది. దాని ముందున్న అరుగు మీద నవత సుషీ అనే జపాను తిండి అమ్మడం మొదలుపెట్టింది. ఒక హోటల్ వంటింట్లో కూరగాయలు తరుగుతూ, చూసి చూసి నేర్చుకున్న పని అది. సురేందర్ తినకుండానే తేల్చేశాడు.

"గిది నడవదు. జాగ మిర్చి బజ్జీలాయనకు ఇస్త."

"ఒక్కటి తిని చెప్పు బావా."

పుల్లటి అన్నం ముద్దల మీద ఉడికించిన రొయ్యలు పరిచి పళ్లెం ముందు పెట్టింది. సురేందర్ పక్కనున్న చిన్న గిన్నెలోని సోయా సాస్ మొత్తం వంపి, పప్పన్నం లెక్క కలపబోయాడు. నవత పళ్లెం లాగేసుకుంది.

"ఏందిది? తిననియ్యవా?"

"కలిపితే తిననియ్య. ముద్ద ఎంత గట్టిగ ఒత్తాల్నో నేర్చుకునేసరికి నా చేతులు పడిపోయినయ్. నువ్వు ఒక్క పిసుకుడుతోని పాడు జేస్తవా?"

"జాగ నాది!"

"జాగ నీదే, పని నాది. బజ్జీలాయన్ని పిలుచుకో. నేను మొజంజాహీ మార్కెట్ కాడ అమ్ముకుంట."

అయినా ఇంకో పళ్లెం పెట్టి చూపించింది. చేత్తోనే తినొచ్చు. ముద్దను తిరగేసి రొయ్య వైపే సాస్‌లో అద్దాలి, అన్నం తడిస్తే విడిపోతుంది. మొత్తం ఒకటే బుక్క.

సురేందర్ గొణుగుతూనే అద్ది నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఇంకోటి తీశాడు. తర్వాత ఫోన్ చేసి బజ్జీలాయన్ని రావద్దన్నాడు.

"నవతా, జర ఆవకాయ ఏస్తవా?"

"వెయ్య," అంది నవత.